మూఢం వెళ్ళేలోపు: కార్డు పెట్టగానే కాపీ అయ్యే పెట్టె

ఆదివారం

మూఢం మొదలైతే మావయ్య స్టూడియోలో లైట్లకి బూజు పడుతుంది. ముహూర్తాల్లేవు, కాబట్టి పెళ్ళిళ్ళు లేవు. కెమెరా కుర్రాళ్ళిద్దరూ ఊళ్ళకి వెళ్ళిపోయారు. మూడు లాంతర్ల నుంచి నాలుగడుగులు వేస్తే వచ్చే ఆ షాపులో ఇప్పుడు జరిగేదల్లా పాస్‌పోర్టు ఫొటోలు, జిరాక్సులు. ఆల్బమ్ డిజైన్ చేసే అక్క పాత పెళ్ళిళ్ళ బాకీలు తీరుస్తోంది. నేను ఒక ఉద్యోగం మానేసి ఇంకోటి చేరే మధ్యలో విజయనగరంలో ఖాళీగా ఉన్నాను. ఖాళీగా ఉన్న మేనల్లుడు కనిపిస్తే ఏ మావయ్యకైనా ఏదో ఒక పని గుర్తొస్తుంది.

పని వినడానికి చిన్నదే. కెమెరాలోంచి తీసిన మెమరీ కార్డుని రీడర్‌లో పెట్టగానే, ఎవరూ మౌస్ ముట్టుకోకుండా, అందులో ఉన్నదంతా హార్డ్ డిస్క్‌లోకి వెళ్ళిపోవాలి.

దీని వెనక ఓ కథ ఉంది. పోయిన సీజన్‌లో గజపతినగరం వైపు ఒక పెళ్ళి. రాత్రి ముహూర్తం. కుర్రాళ్ళు స్టూడియోకి తిరిగొచ్చేసరికి తెల్లవారుజాము మూడున్నర. ఒకడు కార్డు టేబుల్ మీద పెట్టి, రెండోవాడు కాపీ చేస్తాడులే అని పడుకున్నాడు. రెండోవాడు, మొదటివాడు చేసేశాడనుకుని పడుకున్నాడు. పొద్దున్న ఇంకో ఫంక్షన్‌కి వెళ్తూ అదే కార్డుని కెమెరాలో పెట్టి ఫార్మాట్ కొట్టారు. ఫొటోరెక్ అనే ఉచిత ప్రోగ్రాంతో నేను కొన్ని వెనక్కి లాగగలిగాను. దాంతో వచ్చే ఫైళ్ళకి పాత పేర్లుండవు, అంకెలే ఉంటాయి. జీలకర్ర బెల్లం ఒకచోట, భోజనాలు ఒకచోట కలిసిపోయి వచ్చాయి. అప్పగింతలు మాత్రం ఒక్కటీ రాలేదు. వాటి మీదే కొత్త ఫంక్షన్ ఫొటోలు పడ్డాయి. పెళ్ళికూతురు తండ్రి స్టూడియోకి వచ్చి, ఒక్క మాటా అనకుండా అరగంట కూర్చుని వెళ్ళిపోయాడు. తిట్టినా బాగుండేదని మావయ్య ఇప్పటికీ అంటాడు.

"ఏటి సేస్తావో నాకు తెల్దు. మూఢం ఎల్లేసరికి అయిపోవాల," అన్నాడు.

సోమవారం

ముందు విండోస్‌లోనే చూద్దామనుకున్నాను, ముందు కౌంటర్‌లో ఉన్నది అదే కాబట్టి. ఈ తరం వాళ్ళకి తెలియకపోవచ్చు గానీ, ఒకప్పుడు ఈ పనికి ప్రోగ్రామే రాయక్కర్లేదు. విండోస్ 95 తో వచ్చిన ఆటోరన్ ఉండేది. డిస్క్‌లో ఆటోరన్ డాట్ ఐఎన్‌ఎఫ్ అని నాలుగు లైన్ల ఫైలు పెట్టి, ఫలానా ప్రోగ్రాం తెరువు అని రాస్తే చాలు. సీడీ పెట్టగానే గేమ్ ఇన్‌స్టాల్ చేసే కిటికీ దానంతట అది తెరుచుకునేది ఇలాగే.

అదే ఫైలు ఒక పెన్ డ్రైవ్‌లో పెట్టి గుచ్చాను. డ్రైవ్ పేరు నేను రాసిన పేరుగా మారింది. బొమ్మ కూడా మారింది, మావయ్య ఫొటోనే ఐకాన్‌గా పెట్టాను. ప్రోగ్రాం మాత్రం నడవలేదు. నడవదని తెలిసే చేశాను, మావయ్య ఐకాన్ చూడాలని.

ఎందుకు నడవదంటే, ఆ దారిని మైక్రోసాఫ్టే మూసేసింది. 2008 చివర్లో బయటపడిన కాన్‌ఫికర్ వైరస్ కొన్నాళ్ళకి పెన్ డ్రైవ్‌లలోకి ఈ ఫైలు రూపంలోనే ఎక్కి ఊళ్ళు తిరిగింది. 2009 లో విండోస్ 7 వచ్చినప్పుడు సీడీ, డీవీడీలకి తప్ప పెన్ డ్రైవ్‌లకి ఆటోరన్ తీసేశారు. 2011 ఫిబ్రవరిలో పాత ఎక్స్‌పీ, విస్టాలకి కూడా అప్‌డేట్‌లో తీసేశారు. పేరు, బొమ్మ మార్చే భాగం మాత్రం ఉంచారు. అందుకే మావయ్య మొహం కనిపించింది.

నేను డిగ్రీలో ఉండగా నెట్ సెంటర్‌లో పెన్ డ్రైవ్ పెట్టి తీస్తే చాలు, ఇంటికొచ్చి చూసేసరికి ఫోల్డర్లన్నీ ఒక్కొక్కటి ఒకటిన్నర ఎంబీ ఉండేవి. ఫోల్డర్‌కి సైజు ఎందుకుంటుందని అనుమానం వచ్చేలోపే డబుల్ క్లిక్ అయిపోయేది. అసలు ఫోల్డర్లు దాక్కునేవి, వాటి వేషం వేసుకున్న ప్రోగ్రాములు పైన కూర్చునేవి. ప్రాజెక్టు రిపోర్టు ప్రింట్ తీయించుకోవడానికి వెళ్ళి వైరస్ తెచ్చుకోని వాడు మా బ్యాచ్‌లో లేడు.

అప్పట్లో ఏం నడవాలో డ్రైవ్ చెప్పేది, కంప్యూటర్ తలూపేది. నాకు కావాల్సింది దీనికి తలకిందులు. కార్డు నోరెత్తకూడదు. ఏం చెయ్యాలో కంప్యూటర్ దగ్గరే రాసి ఉండాలి.

విండోస్‌లో కూడా అలా చెయ్యొచ్చు. కొత్త డ్రైవ్ వచ్చినప్పుడల్లా విండోస్‌లోనే ఉండే డబ్ల్యుఎంఐ అనే భాగం ఒక కబురు పంపుతుంది. అందులో 2 అని ఉంటే వచ్చినట్టు, 3 అని ఉంటే వెళ్ళినట్టు. పవర్‌షెల్‌లో పది లైన్లతో సాయంత్రానికి నడిపించాను కూడా. కానీ కౌంటర్ కంప్యూటర్ అంటే అందరిదీ. ఎవరో ఒకరు షట్‌డౌన్ చేస్తారు, అప్‌డేట్ వచ్చి తనే రీస్టార్ట్ అయి పాస్‌వర్డ్ అడుగుతూ కూర్చుంటుంది. తెల్లవారుజామున మూడున్నరకి పాస్‌వర్డ్ ఎవడు కొడతాడు? వెనక గదిలో మూలన పడేసిన పాత డెస్క్‌టాప్ ఉంది, 4 జీబీ ర్యామ్. దాంట్లో విండోస్ బదులు లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ ఎక్కించాను. డెస్క్‌టాప్ బొమ్మలేవీ లేకుండా, నల్ల తెర మాత్రమే.

బుధవారం

లినక్స్‌లో పరికరం ఏది పెట్టినా, దానికి గుండెకాయ లాంటి కెర్నల్ కేక వేస్తుంది. ఆ కేక వినేవాడి పేరు యూడెవ్. దానికి ఒక నిబంధన రాసి పెడితే చాలు: ఇలాంటిది వస్తే ఇది చెయ్యి. ముందు ఆ కేకలు ఎలా ఉంటాయో చూడాలి కదా. ఆ కేకల్ని తెర మీద చూపించే ఆదేశం నడిపి, కార్డు రీడర్‌లో పెట్టి, తెర వైపు చూస్తూ కూర్చున్నాను. ఏమీ లేదు. ఒకటి, రెండు. అప్పుడు గబగబా లైన్లు పడ్డాయి.

ఆ రెండు సెకన్ల ఆలస్యం మొదట కంగారు పెట్టింది. రీడర్ అప్పటికే యూఎస్‌బీకి తగిలించి ఉంది కదా, అందులోకి కార్డు వచ్చిందని అది చాలాసార్లు తనంతట తాను చెప్పదు. కెర్నలే రెండు సెకన్లకోసారి వెళ్ళి "ఏమైనా వచ్చిందా" అని అడిగి వస్తుంది. ఇంకో సంగతి: పడ్డ లైన్లలో డిస్క్ ముందు "మారింది" అని ఉంది, "వచ్చింది" అని లేదు. రీడర్ ఎప్పటినుంచో ఉంది కాబట్టి అది మారిందే. "వచ్చింది" అన్న మాట దాని కింద ఉన్న పార్టిషన్ ముందు, అంటే డిస్క్‌లో ఫైళ్ళుండే భాగం ముందు ఉంది. నిబంధనని డిస్క్ మీద రాసి ఉంటే ఈ రోజంతా ఎందుకు నడవట్లేదని జుట్టు పీక్కునేవాణ్ణి. పార్టిషన్ మీద రాశాను.

అయినా జుట్టు పీక్కున్నాను, ఇంకోచోట. నిబంధనలోనే నా స్క్రిప్టుని నడపమన్నాను. స్క్రిప్టు కార్డుని మౌంట్ చేసి, అంటే అందులో ఫైళ్ళు కనిపించేలా తెరిచి, కాపీ చెయ్యాలి. చేత్తో నడిపితే శుభ్రంగా నడుస్తుంది. కార్డు పెడితే మాత్రం మౌంట్ దగ్గర అనుమతి లేదంటుంది. రూట్‌గా, అంటే అన్ని అధికారాలతో నడుస్తున్నదానికి అనుమతి లేకపోవడం ఏమిటి? గంటన్నర పోయాక మాన్యువల్ పేజీ చదివాను. ముందే చదవాల్సింది. అందులో తేటగా రాసి ఉంది: ఇక్కడినుంచి నడిపేవి చిటికెలో అయిపోయే పనులై ఉండాలి, ఎక్కువసేపు నడిస్తే చంపేస్తాం, ఫైల్ సిస్టమ్ మౌంట్ చెయ్యడం కుదరదు. యూడెవ్ గేటు దగ్గర వాచ్‌మన్ లాంటివాడు. ఎవరొచ్చారో లోపలికి చెప్తాడు గానీ వంట చెయ్యడు.

వంటకి సిస్టమ్‌డి ఉంది, లినక్స్‌లో వెనక నడిచే పనులన్నీ చూసుకునేది. నిబంధనలో "ఫలానా సర్వీసు కావాలి" అని మాత్రం రాసి, అసలు పని ఆ సర్వీసుకి అప్పగించాను. పార్టిషన్ పేరు కూడా దానికే అందుతుంది. రాత్రి పదకొండు నలభైకి కార్డు పెట్టాను. రెండు సెకన్లు. హార్డ్ డిస్క్ గరగరమంది. అత్త అన్నం పెట్టి ఎంతసేపైందో అప్పుడు చూసుకున్నాను.

గురువారం

పొద్దున్నే మావయ్యకి చూపించాలని కార్డు కెమెరాలో పెట్టి, ఫార్మాట్ చేసి, ఆయన్నే ఓ ఫొటో తీసి, కార్డు రీడర్‌లో పెట్టాను. నిశ్శబ్దం.

"రాత్రి అయ్యిందన్నావు?"

"అయింది మావయ్యా."

"మరిప్పుడేటయినాది?"

నిబంధనలో కార్డుని దాని యూయూఐడీతో గుర్తుపట్టమన్నాను, అంటే ఆ ఫైల్ సిస్టమ్‌కి ఉండే నంబరుతో. ఎఫ్ఏటీ, ఎక్స్‌ఫ్యాట్ కార్డుల్లో అది వాల్యూమ్ సీరియల్. ఎనిమిది అంకెలు, అక్షరాలు, మధ్యలో ఒక గీత. అది కార్డుకి పుట్టుమచ్చ అనుకున్నాను. కాదు, బొట్టు. ఫార్మాట్ చేసినప్పుడల్లా చెరిగిపోయి కొత్తది వస్తుంది. పెన్ డ్రైవ్‌తో ఇంట్లో బ్యాకప్ చేసుకునేవాళ్ళకి ఈ పద్ధతి ఏళ్ళ తరబడి పనిచేస్తుంది. పెళ్ళి కెమెరా కార్డుకి వారానికి మూడుసార్లు ఫార్మాట్ రాసిపెట్టి ఉంటుంది.

మరి గుర్తుపట్టడం దేనితో? కార్డు మారినా రీడర్ మారదు, అది తగిలించిన పోర్టు మారదు. యూడెవ్ ప్రతి పరికరానికీ ఏ దారిలో వచ్చిందో కూడా చెప్తుంది. ఆ దారిని నిబంధనలో పెట్టాను. ఈ పోర్టులో ఉన్న రీడర్‌లోకి ఏ కార్డు వచ్చినా మనదే. మావయ్య ఫొటో కాపీ అయింది. కళ్ళు మూసుకుని ఉన్నాడు అందులో.

శుక్రవారం

నిండు కార్డుతో పరీక్ష. 41 జీబీ ఉంది. ఇరవై రెండు నిమిషాలు పట్టింది. యూఎస్‌బీ 2 అంటే కాగితం మీద సెకనుకి 480 మెగాబిట్లు, చేతికి దక్కేది 30, 35 మెగాబైట్లు. నిద్రమొహంతో ఉన్న కుర్రాడు అంతసేపు ఆగడు.

క్యాబినెట్ వెనక తడిమితే నీలం రంగు పోర్టు తగిలింది. యూఎస్‌బీ 3. ఈ పెట్టెకి అంత సీనుందని నాకు తెలియదు. రీడర్ అందులోకి మార్చాను. మళ్ళీ నిశ్శబ్దం. నిన్న నేనే కదా పోర్టు దారిని రాసింది! పోర్టు మార్చాను, దారి మారింది. నా నిబంధన నన్నే గుమ్మం దగ్గర ఆపేసింది. కొత్త దారి రాశాక ఎనిమిది నిమిషాల్లో అయిపోయింది. పాత పోర్టుల మీద ప్లాస్టర్ అంటించేశాను.

ఆదివారం

"తియ్యొచ్చా?" అని మావయ్య అడుగుతూనే కార్డు తీసేశాడు. కాపీ సగంలో ఉంది.

ఇది ఎప్పుడో జరుగుతుందని తెలుసు, పరీక్షలోనే జరిగినందుకు మంచిదైంది. కార్డుకి ఏమీ కాలేదు, ఎందుకంటే మొదటినుంచీ దాన్ని చదవడానికి మాత్రమే మౌంట్ చేస్తున్నాను. మన కంప్యూటర్ దాని మీద ఒక్క అక్షరం కూడా రాయదు, కాబట్టి ఎప్పుడు పీకినా చెడదు. చెడేది ఈ వైపు. హార్డ్ డిస్క్‌లో సగం పెళ్ళి ఉన్న ఫోల్డర్ మిగిలిపోతుంది, చూసినవాళ్ళు మొత్తం వచ్చేసిందనుకుంటారు.

అందుకని ఇప్పుడు ప్రతి కాపీ "సగం" అని మొదలయ్యే పేరున్న ఫోల్డర్‌లోకి వెళ్తుంది. అంతా వచ్చి, సరిచూశాకే అసలు పేరు పడుతుంది. మధ్యలో కార్డు పీకినా, కరెంటు పోయినా "సగం" అని నిజమే చెప్తూ ఉంటుంది. సాయంత్రం నిజంగానే కరెంటు పోయింది. నేను పెట్టకుండానే ఆ పరీక్ష కూడా అయిపోయింది, పాసైంది.

సరిచూడ్డం అంటే రెండు వైపులా ప్రతి ఫైలునీ మళ్ళీ చదివి, చెక్‌సమ్ కట్టి, అంటే ఫైల్లో ఉన్నదాన్నిబట్టి వచ్చే ఒక నంబరు లెక్కకట్టి పోల్చడం. ఆరు వందల ఎంబీ ఉన్న చిన్న కార్డుతో చూశాను. మూడు సెకన్లలో అన్నీ సరిపోయాయంది. సంతోషించి, టీ పెట్టుకోవడానికి లేచి, గిన్నె చేతిలో ఉండగా ఆగిపోయాను. ఈ కార్డుని చదవడానికే ఏడు సెకన్లు పట్టాలి. మూడింట్లో ఎలా?

కార్డుని చదవనే లేదు. డిస్క్‌నీ చదవలేదు. ఇప్పుడే కాపీ చేసిన సరుకంతా ఇంకా ర్యామ్‌లో ఉంది, లినక్స్ అక్కడినుంచే ఇచ్చేసింది. అంటే ర్యామ్‌ని ర్యామ్‌తో పోల్చి సంతకం పెట్టాను. ముందు అంతా డిస్క్ మీదికి రాయించి, కార్డుని ఒకసారి అన్‌మౌంట్ చేసి మళ్ళీ మౌంట్ చేసి, దాచుకున్నదంతా వదిలెయ్యమని కెర్నల్‌కి చెప్పాక మళ్ళీ చూస్తే ఎనిమిది సెకన్లు పట్టింది. ఈ ప్రాజెక్టులో ఎక్కువ సమయం పట్టినందుకు నేను సంతోషించిన చోటు ఇదొక్కటే. నిండు కార్డుకి కాపీ ఎనిమిది నిమిషాలు, సరిచూడ్డం ఇంకో ఎనిమిది తొమ్మిది.

మంగళవారం

అమ్మవారి వారం. చదురుగుడి దగ్గర రద్దీ, షాపులో కూడా కాస్త జనం. ఒకాయన ఫోన్‌లోంచి తీసిన చిన్న కార్డు ఇచ్చి అందులో ఉన్న ఒక ఫొటోని పెద్ద సైజులో ప్రింట్ వెయ్యమన్నాడు. చనిపోయిన తల్లి ఫొటో. కౌంటర్‌లో రీడర్ దొరక్క, అక్క ఆ కార్డుని అడాప్టర్‌లో పెట్టి వెనక గదిలో నా రీడర్‌లో పెట్టింది.

పెట్టె తన పని తాను చేసింది. ఆయన ఇంట్లో వాళ్ళ ఫొటోలు, పిల్లల వీడియోలు, ఎవరివో బ్యాంకు పాస్‌బుక్కులు, అన్నీ మా హార్డ్ డిస్క్‌లోకి చక్కగా కాపీ చేసి, సరిచూసి, తేదీ వేసి పెట్టింది.

ఆ ఫోల్డర్ చూసినప్పుడు నాకు ఒళ్ళు జలదరించింది. మావయ్య కూడా మాట్లాడలేదు. వెంటనే చెరిపేశాను. మా వాళ్ళు చూడరు, నాకు తెలుసు. కానీ ఆ పెద్దమనిషికి తెలియకుండా ఆయన ఇల్లంతా మా డిస్క్‌లోకి ఎక్కింది, అది ఎక్కేలా రాసింది నేను. సోమవారం నాడు ఆటోరన్ గురించి అంత రాశాను. కార్డు మాట వినకూడదన్నాను. తీరా చేసిందేమిటి? ఏ కార్డు వచ్చినా "మనదే" అన్నాను.

డీసీఐఎం ఫోల్డర్ ఉంటేనే కాపీ చెయ్యమందామా అనుకున్నాను. కెమెరాలన్నీ ఫొటోలు పెట్టేది అందులోనే. ఫోన్లూ అక్కడే పెడతాయి. లాభం లేదు. కార్డులో మన గుర్తుగా ఒక ఫైలు పెడదామంటే ఫార్మాట్‌లో పోతుంది.

పోర్టు చాలదు, కార్డు నంబరు నిలవదు. ఇక మిగిలింది కెమెరా. ప్రతి ఫొటోలో కెమెరా తన మోడల్, సీరియల్ నంబరు రాసుకుంటుంది. అన్ని కెమెరాలూ రాయవు గానీ మావయ్యవి రాస్తాయి. ఫొటోలో దాగున్న వివరాలు చూపించే ఎగ్జిఫ్‌టూల్‌తో మొదటి ఫొటో తెరిచి సీరియల్ చూస్తే చాలు. వీడియో కెమెరా కార్డులో ఫొటోలుండవు, క్లిప్ పక్కనే చిన్న ఎక్స్‌ఎంఎల్ ఫైలు ఉంది, అందులో సీరియల్ దొరికింది. మన మూడు కెమెరాల నంబర్లు ఒక జాబితాలో రాశాను. జాబితాలో లేని కార్డు వస్తే ఏమీ చెయ్యకుండా అన్‌మౌంట్ చేసి ఊరుకుంటుంది.

దీంతో నాకు తెలియని ఇంకో గొయ్యి కూడా పూడింది. కెమెరాల ఫైలు పేర్లకి ఒక నియమం ఉంది: నాలుగు అక్షరాలు, నాలుగు అంకెలు, 0001 నుంచి 9999 దాకా, తర్వాత మళ్ళీ మొదటికి. మావయ్య దగ్గర ఒకే కంపెనీ కెమెరాలు రెండున్నాయి. రెండూ ఒకే పెళ్ళిలో ఒకే పేర్లతో ఫొటోలు తియ్యగలవు. నేను మొదట రాసిన స్క్రిప్టులో "ఇప్పటికే ఉన్న పేరైతే వదిలెయ్" అని ఉంది, సమయం కలిసొస్తుందని. అంటే రెండో కెమెరా తాళికట్టే ఫొటోని, మొదటి కెమెరా బఫే ఫొటో పేరు చూసి వదిలేసేది. ఎవరూ అడగరు, ఎవరికీ తెలియదు. ఇప్పుడు ప్రతి కార్డుకీ తేదీ, టైము, కెమెరా పేరుతో వేరే ఫోల్డర్. వదిలెయ్యడం అన్న మాటే తీసేశాను.

డీసీఐఎం ఒక్కటే కాకుండా కార్డు మొత్తం కాపీ చేస్తున్నాను. వీడియో కెమెరా తన క్లిప్పుల్ని ప్రైవేట్ అనే ఫోల్డర్‌లో దాచుకుంటోందని నిన్నే చూశాను.

మావయ్య ఇంకో కోరిక కోరాడు. కస్టమర్ల పెన్ డ్రైవ్‌లు కూడా పెట్టగానే దానంతట అదే తెరుచుకునేలా చెయ్యమని. చెయ్యనన్నాను. పెన్ డ్రైవ్ వేషంలో వచ్చి "నేను కీబోర్డుని" అని చెప్పుకుని టైపు కొట్టేసేలా చెయ్యొచ్చని 2014లోనే చేసి చూపించారు. ఊళ్ళో వాళ్ళ పెన్ డ్రైవ్‌లు కౌంటర్‌లోనే, మనిషి చేత్తోనే తెరవాలి. "నీకు బయ్యం ఎక్కువ," అన్నాడు. ఇందాకటి ఫోల్డర్ గుర్తు చేశాక ఒగ్గేశాడు.

శనివారం

అయిపోయిందని మనిషికి ఎలా చెప్పాలి? వెనక గదిలో మానిటర్ ఎప్పుడూ కట్టేసి ఉంటుంది.

ముందు మాట్లాడించాను. ఈస్పీక్ అనే ప్రోగ్రాంకి తెలుగు వచ్చు. మొదట ఎంత చెప్పించినా శబ్దం లేదు, చూస్తే సౌండ్ మ్యూట్‌లో ఉంది. తీశాక "కార్డు తియ్యొచ్చు" అంది. అత్త వంటింట్లోంచి వచ్చి, "ఎవర్రా ఆ మనిషి, ముక్కు మూసుకుని మాట్లాడుతున్నాడు?" అంది. మేడ మీదే ఇల్లు. తెల్లవారుజామున నాలుగింటికి ఆ గొంతు వినిపిస్తే నిద్ర పట్టదని ఆవిడ తీర్మానం. స్పీకర్ పీకేశారు.

మిగిలింది లైటు. కొత్త లైటు కొనక్కర్లేదు. ఆ పెట్టెకి పాత కీబోర్డు ఒకటుంది, కుడివైపు పైన మూడు ఆకుపచ్చ లైట్లు. మూడోది స్క్రోల్ లాక్, పుట్టి బుద్ధెరిగాక దాన్ని ఎవరూ వాడగా నేను చూడలేదు. లినక్స్‌లో ఆ లైటు కూడా ఒక ఫైలే. అందులో 1 రాస్తే వెలుగుతుంది, 0 రాస్తే ఆరుతుంది. కాపీ అవుతుంటే మిణుకుమిణుకుమంటుంది, సరిచూడ్డం అయిపోతే నిలకడగా వెలుగుతుంది. తేడా వస్తే మూడు లైట్లూ ఒకేసారి కొట్టుకుంటాయి. కుర్రాళ్ళకి ఫోన్ చేసి చెప్పాను: మెరుస్తుంటే ముట్టుకోకు, నిలబడితే తీసుకో. సీరియల్ నంబర్లు, పోర్టులు, చెక్‌సమ్‌లు ఏవీ చెప్పలేదు.

మూఢం వెళ్ళాక మొదటి ముహూర్తం

చీపురుపల్లి దగ్గర పెళ్ళి. నేను వెళ్ళలేదు. రాత్రంతా టెన్షన్‌తో అటూ ఇటూ దొర్లాను. పొద్దున్న ఆరున్నరకి మావయ్య ఫోన్.

"ఒరే, లైటేదిరా?"

వెళ్ళి చూస్తే లైటు కాదు, కీబోర్డే లేదు. కౌంటర్ కంప్యూటర్‌లో ఎంటర్ కీ ఊడిపోయిందట. వెనక పెట్టెకి కీబోర్డెందుకు, దాన్నెవరూ టైపు చెయ్యట్లేదు కదా అని అక్క నిన్న సాయంత్రం దాన్ని ముందుకి మార్చేసింది. ఆవిడ అన్నదాంట్లో తప్పేమీ లేదు. దాంతో టైపు కొట్టాల్సిన పని లేకుండా చేసిందే నేను.

రాత్రి వచ్చిన కుర్రాడు రీడర్‌లో ఫొటోల కార్డు పెట్టి, లైటు నిలబడేదాకా కదలకూడదని నేను చెప్పిన మాట గుర్తుపెట్టుకుని, వెలగని లైటు కోసం కుర్చీలో కూర్చుని అలాగే నిద్రపోయాడు. వీడియో కార్డు వాడి జేబులోనే ఉంది. మానిటర్ వేసి చిట్టా చూశాను. కార్డు వచ్చింది 3:52కి. సరిచూడ్డం అయింది 4:09కి. తేడాలు సున్నా.

రెండో కార్డు జేబులోంచి తీయించి పెట్టాను. హార్డ్ డిస్క్ గరగర మొదలైంది. ఈలోపు మావయ్య కౌంటర్‌లో రాత్రి ఫోల్డర్ తెరిచాడు. పెళ్ళికూతురు, మండపం, తలంబ్రాలు, వేటి దగ్గరా ఆగలేదు. కిందికి, చివరికి వెళ్ళిపోయాడు. అప్పగింతలు. ఒక్కొక్కటే పెద్దది చేసి చూశాడు. పదకొండున్నాయి.

"కీబోర్డు ఇంకోటి కొనుక్కురా," అని డబ్బులిచ్చాడు. "లైట్లుండీది సూసి కొను."